ఒకే పాత్ర: కష్టకాలములో మన పితరుల ప్రభు బల్ల



2020వ సంవత్సరము ఏప్రిల్ 9వ తేది పరిశుద్ధ గురువారము. మన ప్రభువు తన శిష్యులతో కడవరి భోజనము చేసిన రాత్రిని సంఘమంతయు జ్ఞాపకము చేసికొను దినము. ఆ సాయంత్రము జనగామలోని మా వీధి నిర్మానుష్యముగా నుండెను. కరోనా వ్యాధి కారణముగా మార్చి చివరి వారమునుండి దేశమంతట లాక్‌డౌన్ అమలులో నుండుటచేత దేవాలయముల తలుపులు మూయబడియుండెను. గంట మ్రోగలేదు. హైదరాబాదు, వరంగల్లు రహదారిమీద బస్సులు లేవు. మూటలు నెత్తిన పెట్టుకొని, బిడ్డలను చంకనెత్తుకొని కాలినడకను స్వస్థలములకు పోవుచున్న కూలివారు మాత్రము కనబడుచుండిరి.

మా యింటిలో వృద్ధురాలైన మా పెద్దమ్మ ఉదయముననే తలస్నానము చేసి, తెల్లచీర కట్టుకొని, గడపదగ్గర కూర్చుండెను. ఎన్నియో యేండ్లుగా ఆ దినమున ఆమె చేయు పని అదియే. చీకటి పడువరకు కనిపెట్టి చివరకు నన్నడిగెను: "ఏం బిడ్డా, ఈయేడు బల్ల లేదా? నేను పోయేలోపల మళ్ల తీసుకుంటనో లేదో!"

నాకు వెంటనే జవాబు దొరకలేదు. ఆ దినములలో ఈ ప్రశ్నకు రెండు విధములైన జవాబులు విన్నాను. విశ్వాసము హృదయములో నున్నప్పుడు రొట్టె ముక్కయు రసపు చుక్కయు లేకపోయినంత మాత్రమున నష్టమేమియని కొందరనిరి. బల్ల అందకపోయినయెడల తమ ఆత్మకు ఏమగునో యని మరికొందరు భయపడిరి. రెండు జవాబులును మా పెద్దమ్మ ప్రశ్నకు సరిపోలేదు. ఆమెకు విశ్వాసము కొదువ లేదు, భయమును లేదు. ఆమె దేనికొరకో ఆకలిగొనియుండెను. ఆ ఆకలి యెట్టిదో తెలిసికొనుటకు నేను మన సంఘ చరిత్రను మరల తిరుగవేసి చూచితిని. మన పితరులు కరవులోను, అంటరానితనములోను, కల్లోలములోను ప్రభు బల్లయొద్ద ఏమి కనుగొనిరో దానిని నాకు తెలిసినంతవరకు ఈ వ్యాసములో మీ ముందుంచుచున్నాను.

బల్ల పుట్టినదే కష్టకాలములో

ప్రభువు ఈ సంస్కారమును నియమించిన రాత్రి పస్కా పండుగ రాత్రియే. అయినను ఆ మేడగదిలో పండుగ సంతోషము ఎంతమాత్రమును లేదు. అప్పగింపబోవువాడు అక్కడనే కూర్చుండెను. ఎరుగనని బొంకబోవువాడును అక్కడనే యుండెను. తమలో ఎవడు గొప్పవాడను వాదము శిష్యులలో ఆ భోజనపు బల్లయొద్దనే పుట్టెనని లూకా వ్రాసియున్నాడు. అట్టివారందరికి ప్రభువు ఒక రొట్టెను విరిచి ఒక పాత్రను అందించెను. యోగ్యులను ఏరి వేరుగా కూర్చుండబెట్టలేదు.

ప్రభు భోజనమును గూర్చి మనకు లభించిన వ్రాతలలో మిక్కిలి పాతది పౌలు కొరింథీయులకు వ్రాసిన మొదటి పత్రికలోనిది. క్రీస్తుశకము 55 ప్రాంతమున, సువార్తలు వ్రాయబడకమునుపే ఆ పత్రిక వ్రాయబడెనని పండితులు చెప్పుదురు. పౌలు ఎందువలన ఆ సంగతి వ్రాయవలసివచ్చెనో గమనింపుడి. కొరింథులో ధనవంతులు ముందుగా వచ్చి కడుపార తిని త్రాగుచుండిరి. దినమంతయు పనిచేసి ఆలస్యముగా వచ్చు పేదలు ఆకలితో నుండిపోవుచుండిరి. ఈ భేదమును గద్దించుటకే ఆయన ఆ రాత్రి సంగతిని వారికి జ్ఞాపకము చేసెను. కాబట్టి మన సంస్కారపు మాటలు మొట్టమొదట కాగితమెక్కినది కలిసి తిననివారిని కలిపి కూర్చుండబెట్టుట కొరకే.

అపొస్తలుల కార్యముల 27వ అధ్యాయములో మరియొక దృశ్యము గలదు. పదునాలుగు రాత్రులు తుపానులో కొట్టుకొనిపోయిన ఓడలో 276 మంది యుండిరి. అందులో సైనికులు, నావికులు, ఖైదీలు కలరు. పౌలు వారందరి యెదుట రొట్టె పట్టుకొని దేవునికి కృతజ్ఞతలు చెల్లించి, విరిచి తినసాగెను. అది సంస్కారమని చెప్పుటకు లేదు గాని, అది చూచి అందరును ధైర్యము తెచ్చుకొని తినిరి. గాలి ఇంకను ఆగలేదు. కష్టము తీరకమునుపే కృతజ్ఞతలు చెల్లించుట క్రైస్తవుని బల్ల యొక్క మొదటి లక్షణము.

రెండవ శతాబ్దములో, 155వ సంవత్సర ప్రాంతమున, రోమాలో నుండిన యుస్తీను అను హతసాక్షి అప్పటి క్రైస్తవుల ఆదివారపు ఆరాధనను వర్ణించియున్నాడు. సంఘము తీసికొనిన రొట్టెలోను ద్రాక్షారసములోను రాలేకపోయినవారి పాలు పరిచారకులు వారి యిండ్లకు కొనిపోవుచుండిరి. అదే సమయమున పోగైన కానుకతో అనాథలను, విధవరాండ్రను, రోగులను, చెరలోనున్నవారిని, పరదేశులను ఆదుకొనుచుండిరి. రాలేనివానికి రొట్టె, లేనివానికి కూడు. ఈ రెండును ఒకే బల్లనుండి బయలుదేరినవి.

కరవు దినములలో ఒంగోలు

ఇక మన తెలుగు దేశమునకు వత్తము. 1876 మొదలు 1878 వరకు దక్షిణ ఇండియాను పట్టిన మహా కరవును మన పెద్దలు తరతరములు చెప్పుకొనిరి. ఒంగోలులో అమెరికన్ బాప్టిస్టు మిషనరీ యగు జాన్ క్లౌ దొరగారు బకింగ్‌హాము కాలువలో మూడున్నర మైళ్ల త్రవ్వకపు పనిని గుత్తకు తీసికొని, ఆకలితోనున్న వేలకొలది జనులకు కూలి కల్పించిరి. పని స్థలములో బోధకులు వాక్యము చెప్పుచుండిరి. బాప్తిస్మము కోరినవారు గుంపులు గుంపులుగా వచ్చిరి. అయినను కరవు పనులు నడచినంతకాలము ఆయన ఎవరికిని బాప్తిస్మమియ్యలేదు. గింజలకొరకు ప్రభువునొద్దకు వచ్చిరను మాట రాకూడదనియు, వచ్చువారు తమ్ము తామే పరీక్షించుకొనవలెననియు ఆయన ఉద్దేశము.

కరవు సహాయము ముగిసిన తరువాతను జనులు వెనుదీయలేదు. 1878 జూలై 3వ తేదిన గుండ్లకమ్మ నదిలో ఒక్క దినమున 2,222 మంది బాప్తిస్మము పొందిరి. వారిలో ఎక్కువమంది మాదిగవారు. ఊరివారు తమ బావి దరికి రానియ్యనివారు.

ఆ సంఘము వేరు, మన సంఘము వేరు. అయినను ఈ సంగతి ప్రభు బల్లను గూర్చి మనకొక పాఠము నేర్పుచున్నది. ఆకలిగొన్నవానికి కూడు పెట్టవలెను, దానికి షరతు లేదు. ప్రభు బల్లను మాత్రము ఆ కూటికి వెలగా చేయరాదు. క్లౌ దొరగారు ఈ రెండింటిని వేరుగా నుంచినందుననే రెండును పరిశుద్ధముగా నిలిచినవి.

దోర్నకల్‌లో ఒక గుడారము

ఒంగోలు కరవు జరిగిన పాతికేండ్లకు, 1903 ఫిబ్రవరి 12వ తేదిన, తిరునెల్వేలి క్రైస్తవులు పాలయంకోటలో ఇండియన్ మిషనరీ సొసైటీని స్థాపించిరి. భారతీయుల ధనముతో, భారతీయుల పనివారితో, భారతీయుల యాజమాన్యము క్రింద సువార్త పని జరుగవలెనని వారి సంకల్పము. వారు తమ పనికొరకు ఎన్నుకొనిన పొలము నిజాము రాజ్యములోని మన దోర్నకల్ ప్రాంతమే. ఆ సొసైటీ స్థాపకులలో ఒకరైన వేదనాయకము శామ్యూల్ అజరయ్య గారు 1909లో వై.ఎం.సి.ఎ. ఉద్యోగమును విడిచి, గురువుగా అభిషేకము పొంది, దోర్నకల్ వచ్చి మొదట గుడారములో కాపురముండిరి. తమిళుడైన ఆయన తెలుగు నేర్చుకొని మన పల్లెలలో బోధించిరి. 1912 డిసెంబరు 29వ తేదిన కలకత్తాలోని సెయింట్ పాల్స్ కథీడ్రలులో దోర్నకల్ మొదటి అధ్యక్షులుగా అభిషేకింపబడిరి. ఆంగ్లికను సంఘములో అధ్యక్ష పదవినొందిన మొదటి భారతీయుడు ఆయనే. మన అధ్యక్ష ఖండపు చరిత్ర ఆ దినముతో ప్రారంభమగుచున్నది.

అప్పటి పల్లె యెట్లుండెనో మన పిల్లలకు చెప్పవలసియున్నది. మాలవాడ వేరు, మాదిగవాడ వేరు. ఊరి బావిలో చేద వేయుటకు ఇద్దరికిని హక్కు లేదు. దొర గడీ ముందు చెప్పులు విడిచి నడువవలెను. పిలిచినప్పుడు వెట్టికి పోవలెను. ఇట్లు ఊరివారిచేత త్రోసివేయబడిన ఈ రెండు వాడలవారును తమలో తాము కంచము పొత్తు గాని మంచము పొత్తు గాని లేకయుండిరి. ఒకరి కుండ మరియొకరు ముట్టరు. క్రైస్తవులైన తరువాతను ఈ అలవాటు ఒక్క దినమున పోలేదు. అజరయ్య అధ్యక్షులు తమ పరిచర్య కాలమంతయు సంఘములో కుల భేదమును ఎదిరించిరి. క్రీస్తునందు బాప్తిస్మము పొందినవారు వేరువేరు బల్లలకు కూర్చుండరాదని ఆయన పట్టుదల.

ఇక్కడ మన తెలుగువారి "ఎంగిలి" అను మాటను గుర్తుచేసికొందము. ఒకరి పెదవి తగిలిన పాత్ర మరియొకరికి ఎంగిలి. తల్లి బిడ్డకు, భార్య భర్తకు తప్ప ఎంగిలి చెల్లదు. అట్టి దేశములో గురువు ఒక పాత్రను చేతపట్టి, మోకరించిన వరుసలో మాల పెద్దకు, తరువాత మాదిగ కూలికి, ఆ తరువాత తమిళ ఉపాధ్యాయునికి, ఆ తరువాత తెల్లదొరకు అందించెను. ఒకే అంచు, ఒకే రసము. పల్లె ధర్మము వెయ్యేండ్లుగా చెప్పిన దానిని ఆ పాత్ర ఒక్క మాటయైనను పలుకకుండ కొట్టివేసెను. ఎంగిలి చెల్లినచోట వారు ఒక తల్లి బిడ్డలు. మన పితరులకు ప్రభు బల్ల ఇందువలన ప్రియమాయెనని నేను నమ్ముచున్నాను. చదువురానివారు వేదాంతము వివరింపలేకపోయిరి గాని, ఆ పాత్ర తమ పెదవికి తగిలినప్పుడు తామెవరో వారికి తెలిసెను.

మరియొక సంగతి. ఆ దినములలో బల్ల సులభముగా దొరకెడిది కాదు. ఒక్క గురువు అనేక పల్లెలను చూడవలెను. రోడ్లు లేవు, ఎడ్లబండి, కాలినడక, వానకాలములో పొంగు వాగులు. పల్లెలో ప్రతి సాయంత్రము ఉపాధ్యాయుడు ప్రార్థన నడిపించుచుండెను గాని సంస్కారమిచ్చు అధికారము ఆయనకు లేదు. పాస్టరు అయ్యగారు వచ్చిన దినమే బల్ల. అంతకుముందు అధ్యక్షులు వచ్చి నిర్ధారణ నొసంగవలెను. దానికి ముందు పరలోక ప్రార్థన, విశ్వాస ప్రమాణము, పది ఆజ్ఞలు కంఠపాఠము కావలెను. ఇంత దూరము నడచి చేరిన బల్ల గనుక వారు దానిని తేలికగా ఎంచలేదు. నెలల తరబడి కనిపెట్టిరి. కనిపెట్టుటయే వారికి సిద్ధపాటాయెను. తగవులున్నవారు అయ్యగారు రాకమునుపే సమాధానపడిరి. స్త్రీలు వంటకు గింజలు తీయునప్పుడెల్ల ఒక పిడికెడు ప్రభువు కుండలో వేసిరి. ఈ పిడికెడు గింజల కానుక మన అధ్యక్ష ఖండమునకు గొప్ప పేరు తెచ్చినది. ఆ గింజలు పోసినవారిలో తమ కుటుంబమునకే రెండు పూటలు చాలనివారెందరో యుండిరి. యుస్తీను కాలపు రోమాలోవలెనే దోర్నకల్ పల్లెలోను బల్లయు కానుకయు ఒకదానినొకటి విడువలేదు.

విడిపోయిన బల్లలు

అయితే కులము ఒక్కటే బల్లను విడదీయలేదు. మిషనులును విడదీసినవి. ఆంగ్లికను, వెస్లియను, కాంగ్రిగేషనలు, బాప్టిస్టు, లూథరను మిషనులు తెలుగుదేశమును ప్రాంతములుగా పంచుకొని పనిచేసినవి. పెండ్లిచేసికొని ఒక తాలూకానుండి మరియొక తాలూకాకు వెళ్లిన మన ఆడబిడ్డ, తాను పుట్టకమునుపు ఇంగ్లాండులో జరిగిన వివాదముల కారణముగా, తన అత్తగారి ఊరి సంఘములో బల్లకు పరాయిదగుచుండెను.

ఈ బాధను లోకము ముందుంచినవారిలో అజరయ్య గారు ముఖ్యులు. 1910లో ఎడింబరో పట్టణమున జరిగిన ప్రపంచ మిషనరీ మహాసభలో ఆయన మిషనరీలకును భారతీయ క్రైస్తవులకును మధ్య నుండిన ఎడబాటును నిర్భయముగా ఎత్తిచూపి, మాకు స్నేహితులు కావలెనని వేడుకొనిరి. 1919 మే 1, 2 తేదులలో తరంగంబాడిలో కూడిన సేవకుల సభలో ఐక్యత కొరకు పిలుపునిచ్చిన ప్రకటన వెలువడెను. ఆ పనిలో ఆయన ముందుండిరి. 1927లో స్విట్జర్లాండులోని లొసాను మహాసభలో, పాశ్చాత్య దేశములలో సంఘముల విభజన బలహీనత కావచ్చును గాని సువార్త పొలములో అది పాపమును అవమానమును అయియున్నదని భావము వచ్చునట్లు వాదించిరి. 1939 జనవరి 6వ తేదిన ప్రతిష్ఠింపబడిన మన దోర్నకల్ ఎపిఫనీ కథీడ్రలులో హిందూ, మహమ్మదీయ శిల్ప రీతులను కలిపి కట్టించినదియు ఈ మనస్సుతోనే. ఆయన 1945 జనవరి 1వ తేదిన దోర్నకల్‌లో ప్రభువునందు నిద్రించిరి. తాను ఆశించిన ఉమ్మడి బల్లను కన్నులార చూడలేదు.

1947 సెప్టెంబరు 27వ తేదిన మద్రాసులోని సెయింట్ జార్జి కథీడ్రలులో దక్షిణ ఇండియా సంఘము ఏర్పడెను. ఆ దినమున మన ప్రాంతపు స్థితి యేమి? దేశమునకు స్వాతంత్ర్యము వచ్చి ఆరు వారములు దాటినను హైదరాబాదు సంస్థానము ఇండియా యూనియనులో చేరలేదు. అంతకు ముందు సంవత్సరము, 1946 జూలై 4వ తేదిన, అప్పట్లో నల్లగొండ జిల్లాలో నుండిన మన జనగామ తాలూకాలోని కడవెండిలో దొడ్డి కొమరయ్య విసునూరు దేశ్‌ముఖు మనుష్యుల కాల్పులలో మరణించెను. వెట్టికిని దొరతనమునకును విరోధముగా పల్లెలు లేచెను. రజాకారుల దాడులు పెరిగెను. 1948 సెప్టెంబరు 13 మొదలు 17 వరకు పోలీసు చర్య జరిగెను. సాయుధ పోరాటము 1951 వరకు ఆగలేదు. చీకటి పడినచో ఎవరి తలుపు ఎవరు కొట్టుదురో తెలియని కాలమది.

అట్టి కాలములోనే వేరువేరు మిషనులనుండి వచ్చిన సంఘములు ఒక్క పాత్రయొద్దకు చేరినవి. బయట లోకము ముక్కలగుచుండగా సంఘము ముక్కలను ఏరి కూర్చుకొనుచుండెను. 1950లో దక్షిణ ఇండియా సంఘము అంగీకరించిన ప్రభు భోజన ఆరాధన క్రమములో "సమాధానము" చేతినుండి చేతికి అందించు పద్ధతి చేర్చబడెను. గురువు బల్లయొద్దనుండి ప్రారంభించిన సమాధానము, ఒకరి అరచేతులనుండి మరియొకరి అరచేతులకు, చివరి చాపమీద కూర్చున్న ముదుసలి వరకు పోవును. ముట్టరాదని చెప్పబడిన చేతులు ముట్టుకొనుటయే అక్కడ ఆరాధన.

ఐక్యత సంపూర్ణముగా రాలేదని ఒప్పుకొనవలెను. మన అధ్యక్ష ఖండములోనే యుండిన నంద్యాల ప్రాంతపు సంఘములలో అనేకులు 1947లో చేరలేదు. ఒకే గ్రంథము చదివి, ఒకే కీర్తనలు పాడిన అన్నదమ్ములు వేరు బల్లలకు చేరిరి. నంద్యాలవారు దక్షిణ ఇండియా సంఘములో కలిసినది 1975లో. ఆ ఇరువది యెనిమిది యేండ్ల యెడబాటు మనకొక హెచ్చరిక. బల్లను విరుచుటకు ఒక్క సభ చాలును, అతుకుటకు ఒక తరము పట్టును.

తలుపులు మూయబడిన దినములు

ఇప్పుడు మరల మా పెద్దమ్మ ప్రశ్నకు వచ్చుచున్నాను. 2020 ఏప్రిల్ 12వ తేదిన పునరుత్థాన పండుగనాడు కూడ మనము దేవాలయమునకు పోలేదు. సెల్‌ఫోనులో ఆరాధన చూచితిమి. జూన్ 8వ తేదినుండి ప్రార్థనాలయములు తెరచుటకు అనుమతి లభించెను. మరుసటి సంవత్సరము వ్యాధి మరింత తీవ్రముగా వచ్చి, 2021 మే 12 మొదలు జూన్ 19 వరకు తెలంగాణలో మరల లాక్‌డౌన్ విధింపబడెను.

ఇట్టి సమయమునకు తగిన మాట మన పాత ఆరాధన క్రమములోనే యుండెను. మన పితరులు వాడిన ఇంగ్లాండు సంఘపు ప్రార్థన పుస్తకములో, రోగులకు సంస్కారమిచ్చు క్రమము చివర, ఒక సూచన గలదు. మిక్కిలి జబ్బుగా నున్నందున గాని, గురువునకు సకాలములో తెలియజేయనందున గాని, మరి యే న్యాయమైన ఆటంకము వలన గాని ఒకడు సంస్కారము తీసికొనలేకపోయిన యెడల, అతడు నిజముగా పశ్చాత్తాపపడి, క్రీస్తు తనకొరకు మరణించెనని స్థిరముగా నమ్మి, కృతజ్ఞతతో దానిని జ్ఞాపకము చేసికొనినచో, నోటితో పుచ్చుకొనకపోయినను క్రీస్తు శరీర రక్తములయందు పాలుపొందుచున్నాడని గురువు అతనికి బోధింపవలెను. తెగుళ్లు ఊళ్లను ఖాళీచేసిన శతాబ్దములలో వ్రాయబడిన మాటలవి. నేను ఈ సంగతి మా పెద్దమ్మకు విడమరచి చెప్పితిని. ఆమె శ్రద్ధగా విని, "మంచిదే బిడ్డా, దేవుడు నన్ను ఇడిసిపెట్టలేదని నాకెరికే. గాని పక్కన మనిషి లేదు గద" అనెను.

ప్రక్కన మనిషి! ఆమె ఆకలి దేనికొరకో అప్పుడు నాకర్థమాయెను. ప్రభువు ఆ యింటిలో ఆమెతో నుండెను. అందులో ఆమెకు సందేహము లేదు. తన ప్రక్కన మోకరించు సహోదరి లేకపోయెను. పౌలు కొరింథువారికి నేర్పినది, అజరయ్య అధ్యక్షులు దోర్నకల్ పల్లెలలో పట్టుబట్టినది, 1947లో మన పెద్దలు చేతులు కలిపి సాధించినది ఈ ప్రక్కన మనిషినే.

ఎంగిలియు ప్రేమయు

వ్యాధి తగ్గి తలుపులు తెరచిన తరువాత అనేక సంఘములలో ఉమ్మడి పాత్రకు బదులుగా చిన్న చిన్న గిన్నెలు వచ్చినవి. కొన్నిచోట్ల రొట్టెను రసములో ముంచి ఇచ్చుచున్నారు. ఆరోగ్యము కొరకు చేసిన మార్పును నేను తప్పుపట్టను. పొరుగువాని ప్రాణమును కాపాడుటయు ప్రేమయే. అయినను చరిత్ర తెలిసినవారముగా ఒక్క సంగతి ఆలోచింపవలెను. మన పల్లెల టీ హోటళ్లలో చాలకాలము రెండు గ్లాసుల పద్ధతి నడిచెను. ఊరివారికొకటి, మనవారికి వేరొకటి. వేరు గ్లాసు మన తాతలకు అవమానపు గురుతు. ఒక్క పాత్ర వారికి విడుదల గురుతు. ఆ పాత్ర మన చేతిలోనుండి పోయినప్పుడు, అది చెప్పిన మాటయు దానితో పాటు పోకుండ చూచుకొనుట మన తరము బాధ్యత.

ఆ మాట నిలిచియున్నదా యని మనలను మనమే పరీక్షించుకొందము. మాల, మాదిగ అను భేదము మన పెండ్లి సంబంధములలో, సంఘ యెన్నికలలో, కూర్చుండు బల్లలలో ఇంకను తొంగిచూడుట లేదా? ఆదివారము ఒక వరుసలో మోకరించి, సోమవారము ఒకరిమీద ఒకరు కోర్టుకెక్కువారు మనలో లేరా? అట్టి చోట పాత్ర ఒక్కటైనను అది వేరు గ్లాసే. ప్రేమయున్నచోట గిన్నెలు వందయైనను పాత్ర ఒక్కటే.

మా యింటి సంగతి చెప్పి ముగించెదను. 2020 చివరలో పాస్టరు అయ్యగారు వృద్ధులకు సంస్కారమిచ్చుటకు మా యింటికి వచ్చిరి. బల్లమీద తెల్లబట్ట పరచితిమి. అయ్యగారు పుస్తకము తెరచుచుండగా మా పెద్దమ్మ చేయి యెత్తి ఆపి, "ఎదురింటామెను పిలువుండ్రి" అనెను. ఇంటిలో అందరమును ఒకరి ముఖము ఒకరు చూచుకొంటిమి. గోడ తగవు వలన ఆ రెండు ఇండ్లవారు తొమ్మిదేండ్లుగా మాటలాడుకొనుట లేదు. ఆమెయు మన సంఘస్థురాలే. ఇన్నాళ్లును వేరు వరుసలో కూర్చుండుచుండెను. నేను పోయి పిలిచితిని. ఆమె కొంతసేపు గడపలోనే నిలిచి, కొంగుతో ముఖము తుడుచుకొని, లోపలికి వచ్చి పెద్దమ్మ ప్రక్కన చాపమీద కూర్చుండెను. గోడ మాట ఇద్దరిలో ఎవరును ఎత్తలేదు. రొట్టె పుచ్చుకొనిరి.

2021 మే నెలలో మా పెద్దమ్మ ప్రభువునందు నిద్రించెను. లాక్‌డౌన్ కారణముగా సమాధికి కొద్దిమందిమి మాత్రమే పోగలిగితిమి. ఆ కొద్దిమందిలో ఎదురింటామె యుండెను. గోడ ఎక్కడున్నది అక్కడనే యున్నది. ఆ గోడకు ఇప్పుడొక ద్వారము గలదు.

ప్రియులారా, నూరేండ్లు దాటిన మన అధ్యక్ష ఖండపు చరిత్రలో కథీడ్రలు గలదు, బడులు గలవు, ఆసుపత్రులు గలవు. వాటికొరకు దేవునికి స్తోత్రము. అయితే మన పితరులు మనకు విడిచిపోయిన ఆస్తిలో మిక్కిలి విలువైనది, ఎంగిలి అనక అందరు త్రాగిన ఆ ఒక్క పాత్ర. ఈ సారి బల్లకు వచ్చుటకు ముందు మూడు పనులు చేయుదము: రాలేనివారి యింటికి ఒకసారి పోయి వత్తము, వంటకుముందు ఒక పిడికెడు గింజలు లేనివారికొరకు తీయుదము, మాటలాడని మనిషిని పేరుపెట్టి పిలుచుదము. మరల కష్టకాలము వచ్చినను, తలుపులు మూయబడినను, అప్పుడు మన ప్రక్కన మనిషి యుండును. మనిషి ఉన్నచోట ప్రభువు రొట్టె విరుచును.

ఆయనకే యుగయుగములు మహిమ కలుగును గాక. ఆమేన్.